బతుకమ్మ నిలబడేది నడుమ కూరిన ఆకుతోనే

బతుకమ్మను చూసేవాళ్ల కళ్లు పూల మీద ఉంటాయి. పేర్చేవాళ్ల ధ్యాసంతా నడుమ మీద ఉండాలి. బయట ఎంత చక్కటి పూలు వరుస కట్టినా, లోపల ఆకు సమంగా కూరకపోతే నాలుగో వరుసకే ఒక పక్కకు ఒరుగుతుంది. ఇంటి దగ్గర బాగానే కనిపించి, చెరువు కట్ట దాకా మోసుకుపోయేలోపు జారిపోయే బతుకమ్మల్లో చాలావాటి తప్పు లోపలే ఉంటుంది. పూలు తక్కువయ్యాయనో, చేతిలో నేర్పు లేదనో అనుకుంటారు. నిజానికి కొలత తెలిస్తే మొదటిసారి పేర్చేవాళ్లు కూడా అడుగున్నర ఎత్తు బతుకమ్మను నిలబెట్టగలరు.

పండుగ భాద్రపద అమావాస్య నాడు మొదలవుతుంది. అదే పెత్రమాస. పొద్దున చనిపోయిన పెద్దల పేరిట బియ్యం ఇచ్చి, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. అక్కడి నుంచి ఆశ్వయుజ శుద్ధ అష్టమి దాకా సాగి సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. 2024లో అక్టోబర్ 2న మొదలై 10న సద్దులు వచ్చాయి. తిథి పెరిగిన ఏడాది ఒక రోజు అటూ ఇటూ అవుతుంది కాబట్టి తేదీలు లెక్కపెట్టుకోకుండా పంచాంగం చూసుకోవడం మంచిది. అన్ని ఊళ్లకూ ఒకే లెక్క కూడా లేదు. వేములవాడ వైపు ఏడో రోజునే సద్దులు చేస్తారు. ఆడబిడ్డ పుట్టింట్లో ఒకనాడు, అత్తింట్లో ఒకనాడు ఆడుకోవడానికి ఈ తేడా అక్కరకొస్తుందని అక్కడివాళ్లు సంబరంగా చెబుతారు. హన్మకొండలో ఎంగిలిపూలకు వేయిస్తంభాల గుడి దగ్గర, సద్దులకు పద్మాక్షి గుట్ట కింద గుండం దగ్గర ఇసుక వేస్తే రాలనంత మంది చేరతారు. రాష్ట్రం ఏర్పడిన 2014లోనే ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. అయితే ఈ పండుగ బరువంతా ఎప్పటి నుంచో ఇంటి ఆడవాళ్లే మోస్తున్నారు.

ముందు పూల సంగతి. తంగేడు లేని బతుకమ్మ లేదు. తెలంగాణ రాష్ట్ర పుష్పం కూడా అదే. గుట్టల పక్కన, బీడు భూముల్లో, రోడ్ల వెంట ఎవరూ నీళ్లు పోయకుండానే పెరుగుతుంది. దాని బెరడును ఒకప్పుడు తోలు శుద్ధికి వాడేవారు. పచ్చటి పూలు గుత్తులుగా కొమ్మ చివర పూస్తాయి. తెంపేటప్పుడు ఒక్కో పువ్వును గిల్లకూడదు, గుత్తి కింద నాలుగైదు అంగుళాల కాడతో కలిపి తుంచాలి. కాడ కట్టెలా గట్టిగా ఉంటుంది కాబట్టే మొదటి వరుసకు తంగేడు వేస్తారు. పైనున్న బరువును ఆ కాడలు మోస్తాయి. కొమ్మను మొదలంటా విరిచేస్తే చెట్టు దెబ్బతింటుంది. ఒకే చెట్టును బోడి చెయ్యకుండా నాలుగు చెట్ల నుంచి కొంచెం కొంచెం తీసుకుంటే తొమ్మిది రోజులూ అదే బాటలో పూలు దొరుకుతాయి.

తంగేడుకు ఎండ పడదు, ఉక్క అసలే పడదు. తెంపిన పూలను ప్లాస్టిక్ సంచిలో కుక్కి మూతి కడితే రెండు గంటల్లో వేడెక్కి రేకులు నల్లబడతాయి. పొద్దున్నే తెంపాలి, తడి గుడ్డలో వదులుగా చుట్టాలి, నీడలో పెట్టాలి. కాడలు నీళ్లలో మునిగేట్టు బకెట్‌లో నిలబెడితే సాయంత్రం దాకా తాజాగా ఉంటాయి. రేకుల మీద నీళ్లు చల్లితే మాత్రం అవి ఒకదానికొకటి అంటుకుని ముద్దవుతాయి.

రెండోది గునుగు. జొన్న చేలల్లో, పత్తి చేలల్లో కలుపుగా మొలుస్తుంది. ఏడాదంతా రైతు పీకి పారేసే మొక్క ఈ తొమ్మిది రోజులు మాత్రం తాంబాలం ఎక్కుతుంది. పువ్వు తెల్లగా, కొసన లేత గులాబీ రంగుతో, ముట్టుకుంటే కాగితంలా గరగరలాడుతుంది. నీరు తక్కువున్న పువ్వు కాబట్టి వాడదు, బరువు ఉండదు, నొక్కినా నలగదు. బతుకమ్మకు ఇంతకన్నా అనువైన పువ్వు ఇంకొకటి లేదు. కోసేటప్పుడు చూసుకోవాల్సింది ముదురు. బాగా ముదిరిన గునుగును విదిలిస్తే నల్లగా మెరిసే సన్నటి గింజలు రాలతాయి. అలాంటివి వాడితే ఇల్లంతా, చీర కుచ్చిళ్ల నిండా గింజలే. కింది భాగం విచ్చుకుని పై కొస ఇంకా బిగువుగా ఉన్నవే కోయాలి. ముదిరినవాటిని చేలోనే వదిలేస్తే ఆ గింజలతో మళ్లీ ఏడు అక్కడే మొలుస్తాయి.

గునుగును ఐదారు చొప్పున తలలు సమంగా పట్టి తెల్ల నూలు దారంతో కట్టలు కడతారు. నైలాన్ దారం వద్దు, అది చెరువులో కరగదు. కట్టాక కాడలన్నీ ఒకే పొడవుకు కత్తిరించాలి. ఇక్కడ తొందరపడితే ఆ తర్వాత వరుస ఎగుడుదిగుడుగా వస్తుంది. రంగు అద్దాలనుకుంటే ముందు రోజు రాత్రే అద్దుకోవాలి. వేడి నీళ్లలో రంగు పొడి కలిపి, కట్టను తలకిందులుగా మూడొంతుల్లో రెండొంతులు ముంచి, ఒక్కసారి గట్టిగా విదిలించి, తాడుకు వేలాడదీయాలి. చన్నీళ్లలో కలిపిన రంగు పువ్వుకు మచ్చలు మచ్చలుగా పడుతుంది. తడి ఆరకముందే పేర్చితే ఎరుపు కారి కింది వరుస తంగేడును చెడగొడుతుంది, చేతులకూ చీరకూ అంటుకుంటుంది. ఇంకొక మాట, ఈ రంగులన్నీ చివరికి చెరువులోకే పోతాయి. పసుపు నీళ్లు, బీట్‌రూట్ రసం కొంచెం లేత రంగే ఇస్తాయి కానీ ఆ నీళ్లకు చెరుపు చెయ్యవు. అసలు రంగు వేయని గునుగు వరుస ఒకటైనా ఉంచాలని నా గట్టి అభిప్రాయం. దీపం వెలుగులో ఆ తెలుపు, గులాబీ కొసలు కనిపించినంత అందంగా ఏ రంగూ కనిపించదు.

మిగతావి దొరికినదాన్ని బట్టి. బంతి, చామంతి, సీతజడ, నీలం కట్లపూలు, గన్నేరు, బీర పూలు, పైన పెట్టడానికి తామర, గుమ్మడి పువ్వు. బంతికి కాడ తక్కువగా ఉంటుంది కాబట్టి కొనేటప్పుడే కాడతో ఉన్నవి అడగాలి. దండలకని తల కోసి తెచ్చిన బంతిపూలు బతుకమ్మకు పనికిరావు, ఎంత ఒత్తినా బయటికి దొర్లుతాయి. అవే దొరికితే ఈనెకు గుచ్చి కాడ చేసుకోవాలి. గుండుసూదులు వాడొద్దు. నీళ్లలో దిగేవాళ్ల కాళ్లకు అవే గుచ్చుకుంటాయి.

ఇక కొలత. ఇంటి బతుకమ్మకు 12 అంగుళాల సిబ్బి, అంటే వెదురుతో అల్లిన పళ్లెం గానీ, ఇత్తడి తాంబాలం గానీ చాలు. అంచుకు చుట్టూ అరంగుళం వదిలేస్తే మొదటి వరుస అడ్డకొలత 11 అంగుళాలు. చుట్టుకొలత దానికి మూడింతల పైచిలుకు కాబట్టి దాదాపు 35 అంగుళాల పూల వరుస కావాలి. రెండంగుళాల బంతిపూలైతే 17 పడతాయి. గునుగు కట్ట అంగుళం మందం ఉంటే 35 కట్టలు, అంటే సుమారు 200 గునుగులు. ఒక్కో వరుసకు అడ్డకొలత అంగుళం తగ్గిస్తూ పోతే చుట్టుకొలత మూడంగుళాల పైన తగ్గుతుంది. అంటే వరుస వరుసకు ఒకటో రెండో బంతిపూలు, మూడు గునుగు కట్టలు తగ్గుతాయి. 11 నుంచి 3 అంగుళాల దాకా తొమ్మిది వరుసలు. అన్నీ కలిపితే దాదాపు 198 అంగుళాలు, అంటే పదహారున్నర అడుగుల పూల వరుస. వరుస మందం రెండంగుళాలు అనుకుంటే ఎత్తు అడుగున్నర. ఈ లెక్క వేసుకుని బజారుకు పోతే పూలు మిగిలి వాడిపోవు, ఏడో వరుసలో తక్కువై చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. వరుసలు ఐదో, ఏడో, తొమ్మిదో, పదకొండో, బేసిగా పెట్టడం ఆనవాయితీ.

పేర్చడానికి ముందు సిబ్బి మీద గుమ్మడి ఆకులు పరవాలి. వెడల్పాటి గరుకు ఆకు కాబట్టి కాడలను జారనివ్వదు. అవి లేకపోతే ఆముదం ఆకులు. మోదుగాకులు కూడా వేస్తారు గానీ వాటి నున్నటి వైపు పైకి ఉంటే మొదటి వరుస మొత్తం గిర్రున తిరిగే ప్రమాదం ఉంది. వేస్తే గరుకు వైపు పైకి ఉంచాలి. ఆకుల మీద కొంచెం పసుపు, కుంకుమ వేసి మొదలుపెడతారు.

మొదటి వరుసలో తంగేడు గుత్తులను పువ్వు బయటికి, కాడ లోపలికి ఉండేట్టు బండిచక్రం ఆకుల్లా పెట్టాలి. ఒకదాన్నొకటి తాకాలి, మధ్యలో సందు ఉండకూడదు. చుట్టు పూర్తికాగానే తర్వాతి వరుసకు పోకూడదు. ఇక్కడే ఆగి నడుమ నింపాలి. తంగేడు ఆకులు, గునుగు నుంచి కోసేసిన కాడల ముక్కలు, గుమ్మడి ఆకు తురుము కలిపి గుప్పిళ్లతో వేసి అరచేత్తో అదమాలి. నింపిన నడుమ పూల కాడల ఎత్తుకు సరిగ్గా సమానంగా రావాలి. పల్లంగా ఉంటే పై వరుస కాడలు లోపలికి దిగి పువ్వులు ఆకాశం చూస్తాయి, గుట్టగా ఉంటే కాడలు పైకి లేచి పువ్వులు నేల చూస్తూ జారిపోతాయి. ప్రతి వరుసకూ అరచేతిని నడుమ మీద నుంచి బయటి పూల దాకా ఒకసారి జరిపి చూస్తే ఎక్కడ గుంట ఉందో, ఎక్కడ మెరక ఉందో చేతికే తెలిసిపోతుంది. ఈ ఒక్క పని తొమ్మిదిసార్లు ఓపికగా చేస్తే చాలు, బతుకమ్మ ఒరగదు.

పైకి పోయేకొద్దీ కాడలు పొట్టి చేయాలి. కింది వరుసలో నాలుగు అంగుళాల కాడ ఉన్నా ఫర్వాలేదు. ఏడో వరుసకు అడ్డకొలత ఐదంగుళాలే, అన్ని వైపుల నుంచీ నాలుగేసి అంగుళాల కాడలు వస్తే నడుమన ఢీకొని గుబ్బలా లేస్తాయి. అక్కడ రెండంగుళాలు చాలు, పై రెండు వరుసలకు అంగుళమే. అలాగే వరుసను లోపలికి జరపడం చుట్టూ అరంగుళమే ఉండాలి. అంగుళం జరిపితే ఐదు వరుసలకే మొన వచ్చి పొట్టిగా మిగులుతుంది. అసలు జరపకపోతే స్తంభంలా నిలువుగా పోయి కాస్త కదిలినా కూలుతుంది. పేర్చేవాళ్లు ఒక్క చోటే కూర్చుని సిబ్బిని తిప్పుకుంటూ పోవాలి. ఒకే వైపు నుంచి చూస్తూ పేర్చితే కనపడని వైపు పొట్ట వస్తుంది. నాలుగు వరుసలకొకసారి లేచి నిలబడి పై నుంచి చూస్తే వంకర అక్కడికక్కడే దొరుకుతుంది, ఆరో వరుస దాటాక దొరికితే విప్పడమే మార్గం.

ఎత్తు మీద మోజు వద్దని చెప్పడం నాకిష్టం. ఇంటి నుంచి చెరువుకు తలమీదో చేతుల్లోనో మోసే బతుకమ్మ, సిబ్బి వెడల్పుకు ఒకటిన్నర రెట్లు దాటకూడదు. రెండడుగులు కావాలంటే 16 అంగుళాల తాంబాలం తీసుకోండి. కొందరు ఎత్తు కోసం లోపల థర్మాకోల్ దిమ్మె, ప్లాస్టిక్ బకెట్, అట్టపెట్టె పెట్టి చుట్టూ పూలు గుచ్చుతున్నారు. నీళ్లలో వేయగానే థర్మాకోల్ తేలుతూ కట్ట అంచుకు కొట్టుకొచ్చి ఏళ్ల తరబడి ముక్కలవుతూ ఉంటుంది. చేను నుంచి, బీడు నుంచి తెచ్చింది చెరువుకు ఇచ్చేయడం ఈ పండుగ. ఇచ్చే దాంట్లో చెరువు అరిగించుకోలేనిది ఏదీ ఉండకూడదు. కాగితం పూలు, ప్లాస్టిక్ పూల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

కొసన గుమ్మడి పువ్వో తామరో పెట్టి, దాని మీద పసుపు ముద్దతో చేసిన గౌరమ్మను తమలపాకులో ఉంచుతారు. గౌరమ్మకు పసుపును తక్కువ నీళ్లతో గట్టిగా తడపాలి. ఒక చెంచా పసుపుకు కొన్ని చుక్కలు చాలు. పల్చనైతే శిఖరం నిలవక ఆకు మీద పరుచుకుంటుంది. కుంకుమ బొట్టు, పక్కన అగరొత్తులు, దీపం. అగరొత్తులను నిటారుగా గుచ్చితే నుసి గునుగు మీద పడుతుంది, ఎండిన గునుగుకు నిప్పు తొందరగా అంటుతుంది. కొంచెం బయటికి వంచి గుచ్చాలి. దీపాన్ని సిబ్బి అంచున పెట్టకుండా కింద పీట మీద పెడితే ఇంకా క్షేమం. పెద్ద బతుకమ్మ పక్కన చిన్నది ఒకటి పేరుస్తారు, తోడు బతుకమ్మ అని, పిల్ల బతుకమ్మ అని పిలుస్తారు. పిల్లలకు నేర్పాలంటే దాన్ని వాళ్ల చేతికే ఇవ్వాలి. ఐదు వరుసలు, ఆరంగుళాల పళ్లెం. అంతకు ముందు భాద్రపదంలో పెళ్లికాని ఆడపిల్లలు పుట్టమన్నుతో మెట్లు మెట్లుగా బొడ్డెమ్మను చేసి ఆడతారు కదా, ఆ మెట్ల ఆకారం చేతికి అలవాటైన పిల్లకు బతుకమ్మ కష్టం కాదు.

నైవేద్యాలు రోజుకొకటి. మొదటి రోజు నువ్వులు, నూకలు. ఎంగిలిపూలు అనే పేరుకు ఊరికొక అర్థం చెబుతారు. ముందురోజే తెంపి నీళ్లలో దాచిన పూలు కాబట్టి అంటారు ఒకచోట, పెత్రమాస భోజనం అయ్యాక పేరుస్తారు కాబట్టి అంటారు ఇంకోచోట. రెండో రోజు అటుకులు, చప్పిడి పప్పు, బెల్లం. మూడో రోజు ముద్దపప్పు, పాలు, బెల్లం. నాలుగో రోజు నానబియ్యం. బియ్యాన్ని మరీ రాత్రంతా నానేస్తే పులుపెక్కుతుంది, రెండు గంటలు నానితే చాలు. నీళ్లు పూర్తిగా వడకట్టి, పాలు, తరిగిన బెల్లం కలపాలి. ఐదో రోజు అట్లు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు, ఆడరు, నైవేద్యం లేదు. మాంసం తగిలి అమ్మ అలిగిందని పెద్దవాళ్లు చెబుతారు. వరసగా అయిదు రోజులు పూలకు తిరిగిన ఆడవాళ్లకు ఆ రోజు దొరికే ఊపిరి కూడా చిన్నది కాదు.

ఏడో రోజు వేపకాయలు. నిజం వేపకాయలు కావు. బియ్యప్పిండిని వేపకాయల ఆకారంలో చేసి నూనెలో వేయిస్తారు. వీటితో జాగ్రత్త, నూనెలో టపామని పేలే పిండివంట ఇది. పిండిలో ఉండలు ఉండటం, తేమ లోపల చిక్కుకోవడం దీనికి కారణం. పిండిని సన్న జల్లెడతో రెండుసార్లు జల్లించాలి, పొడిగా కొంచెం వేయించాలి. రెండు గిన్నెల పిండికి చెంచా నువ్వులు, ఉప్పు, రెండు చెంచాల వేడి నూనె కలిపి వేడి నీళ్లతో తడపాలి. మరీ నున్నగా, గట్టిగా నలిపి చేయకూడదు, చేతితో వదులుగా చేసి ఒక్కోదాన్ని పుల్లతో గుచ్చాలి. గుడ్డ మీద పది నిమిషాలు ఆరబెట్టి, మధ్యరకం మంట మీద కొన్ని కొన్నిగా వేయాలి. మొదట ఒక్కటే వేసి చూసి, అది పేలలేదని నమ్మకం కుదిరాకే మిగతావి. ఎనిమిదో రోజు వెన్నముద్దలు, అంటే నువ్వులు, బెల్లం, వెన్నో నెయ్యో కలిపిన ముద్దలు.

సద్దుల రోజు ఐదు రకాల అన్నాలు. పెరుగన్నం, చింతపండు పులిహోర, నిమ్మకాయ పులిహోర, కొబ్బరన్నం, నువ్వులన్నం. ఒకేసారి అన్నం వండి ఐదు వాటాలు చేస్తే పని తేలికే గానీ, చెరువు దగ్గర పంచేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది. అందుకే వరస చూసుకోవాలి. చింతపండు పులిహోర మధ్యాహ్నమే కలపాలి, నిలవుండేకొద్దీ రుచి. కొబ్బరన్నం అన్నిటికన్నా ముందు పాడయ్యేది కాబట్టి బయలుదేరే ముందు కలపాలి, వేడి అన్నంలో పచ్చి కొబ్బరి కలిపి మూత పెడితే ఉక్కకు వాసన వస్తుంది. పెరుగన్నానికి మెత్తగా వండిన అన్నం గోరువెచ్చగా అయ్యాక పాలు ఎక్కువ, పెరుగు రెండు చెంచాలే. పంచే వేళకు సరిగ్గా తోడుకుంటుంది. మొత్తం పెరుగే పోస్తే పులిసిపోతుంది. నువ్వులన్నానికి గిన్నెడు బియ్యానికి నాలుగు పెద్ద చెంచాల నువ్వులు, నాలుగైదు ఎండు మిరపకాయలు నూనె లేకుండా వేయించి, పూర్తిగా చల్లారాక బరకగా పొడి చేయాలి. వేడి మీద మిక్సీ వేస్తే నువ్వులు నూనె వదిలి ముద్ద కడతాయి. పల్లీల సత్తుపిండికీ ఇదే పద్ధతి, మిక్సీని ఆపి ఆపి తిప్పాలి.

వీటితోపాటు మలీద ముద్దలు. రొట్టెను పెనం మీద నుంచి దింపిన వెంటనే తుంచి, వేడి మీదే బెల్లం తురుము వేసి నలపాలి. రెండు గిన్నెల రొట్టె తునకలకు ముప్పావు గిన్నె బెల్లం, రెండు చెంచాల నెయ్యి. రొట్టె చల్లారితే బెల్లం కరగదు, ముద్ద చేతిలోనే విడిపోతుంది. అప్పుడు నెయ్యి ఇంకా ఇంకా పోసి ప్రయోజనం లేదు, రొట్టె తునకలను మళ్లీ ఒకసారి పెనం మీద వేడి చేయడమే మందు.

ఆట గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, చూసి నేర్చుకునేదే. నడుమ బతుకమ్మలు, చుట్టూ వలయం, ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు ఉయ్యాలో అనో చందమామ అనో వలలో అనో అందుకుంటారు. చప్పట్లకు వంగి లేవడం నడకతో కలవాలి. ముప్పై నలభై మంది దాటితే పాట ఎత్తుకున్న గొంతు అవతలి వైపు చేరదు, చప్పట్లు తప్పుతాయి. అలాంటప్పుడు రెండు వలయాలుగా విడిపోవడమే నయం. పెద్ద స్పీకర్లు పెట్టిన చోట పాట ఎత్తుకునే గొంతులే వినబడకుండా పోతున్నాయి. ఒక పాట నూరు గొంతుల్లోంచి పోయి పిల్లల నోళ్లకు చేరేది ఈ వలయంలోనే, ఆ సాయంత్రాలైనా స్పీకర్లను కట్టేస్తే బాగుంటుంది.

సాగనంపేటప్పుడు ముందు గౌరమ్మను దింపి పక్కన పెట్టుకోవాలి. ఆ పసుపును ముత్తైదువలు పుస్తెలకు రాసుకుంటారు, ఒకరికొకరు ఇచ్చుకుంటారు. దీపం, అగరొత్తులు తీసేయాలి. నీళ్లలో మోకాలి లోతు దాటకూడదు. వానాకాలం చివర చెరువులు నిండుగా ఉంటాయి, మెట్ల మీద నాచు ఉంటుంది, చీకటి పడి ఉంటుంది. ఈత వచ్చినవాళ్లు ఇద్దరు ముందే దిగి నిలబడితే మిగతావాళ్లు మెట్ల మీద నుంచే అందించవచ్చు. సిబ్బిని నీటి మీద ఆనించి మెల్లగా వంచితే బతుకమ్మ విడిపోకుండా జారుతుంది, కాసేపు తేలుతూ పోతుంది. తొమ్మిది వరుసలూ సరిగ్గా కూరిన బతుకమ్మ నీటి మీద కూడా రూపం చెడకుండా పోవడం చూడాలి.

ఈ పూలు చెరువును శుద్ధి చేస్తాయని ప్రతి ఏడూ వింటాం. ఆ మాటను అంతగా లాగొద్దని నా మనవి. పూలు ఏవైనా కుళ్లేటప్పుడు నీళ్లలోని ప్రాణవాయువును వాడుకుంటాయి. నిండు చెరువులో పది వాడల బతుకమ్మలు పెద్ద భారం కాదు. చిన్న కుంటలో వేల బతుకమ్మలు వేసి అలాగే వదిలేస్తే మూడో రోజుకు వాసన వస్తుంది, చేపలు తేలతాయి. మరుసటి రోజు పొద్దున ఊరివాళ్లు నలుగురు కలిసి పూలను ఒడ్డుకు లాగి ఎరువు గుంతలో వేయడం కూడా పండుగ పనే.

అపార్ట్‌మెంట్లలో, పరాయి దేశాల్లో చెరువు లేనిచోట పెద్ద నీళ్ల తొట్టి చాలు. అమెరికాలో, ఆస్ట్రేలియాలో పచ్చి పూలు, కొమ్మలు సూట్‌కేసులో తీసుకుపోతే విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు, జరిమానా కూడా పడవచ్చు. అక్కడ గునుగు జాతి పూలు సెలోసియా అనే పేరుతో పూల దుకాణాల్లో, రైతుల సంతల్లో దొరుకుతాయి, కుండీల్లోనూ తేలిగ్గా వస్తాయి. తంగేడు చోట పసుపు చామంతి పెడతారు. అమెరికా తూర్పు వైపు ఆ నెలల్లో రోడ్ల పక్కన పచ్చగా పూసే గోల్డెన్‌రాడ్ గట్టి కాడలతో మొదటి వరుసకు చక్కగా సరిపోతుంది, తెంపనిచ్చే చోటైతేనే. అక్కడి సరస్సుల్లో పూలు వదలడానికి ముందు పార్కు వాళ్ల అనుమతి అడగాలి, రంగు వేసినవైతే అసలు వదలొద్దు.

నీళ్ల దగ్గర నుంచి వచ్చాక సద్దులు విప్పి, ఇస్తినమ్మ వాయనం అంటే పుచ్చుకుంటినమ్మ వాయనం అంటూ పంచుకుంటారు. ఇంటికి చేరాక సిబ్బిని ఆ రాత్రే కడిగి, అల్లికలో ఇరుక్కున్న పూరేకులను చీపురు పుల్లతో తీసి, నీడలో బోర్లించాలి. తడిగా అటక మీద పెడితే వచ్చే పెత్రమాసకు దించేసరికి బూజు పట్టి, అంచు అల్లిక వదులై ఉంటుంది.